మేడకి వెళ్ళని రబ్బరు స్టాంపు

అనకాపల్లి కొత్తగా జిల్లా అయిన ఏడాది అది. నర్సీపట్నంలో మూడు తరాలుగా పాతుకుపోయిన ఒక బ్యాంకు కుటుంబం దొరతనాన్ని నేనొక్కణ్ణే, కుర్చీలోంచి లేవకుండా, చేతిలో ఒక్క ఫోనుతో కూలదోశాను. ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను. టీకొట్టులో చెప్పాను. మనవరాలి స్కూలు బస్సు కోసం నిలబడ్డప్పుడు తోటి తాతలకి చెప్పాను. కంటి ఆపరేషన్‌కి బల్ల మీద పడుకోబెడితే డాక్టరుగారికీ చెప్పబోయాను, ఆయన కదలొద్దన్నారు. చెప్పిన ప్రతిసారీ ఆ కుటుంబం ఇంకాస్త పెద్దదైంది, నేను ఇంకాస్త ధైర్యవంతుణ్ణయ్యాను. కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి మొరాయిస్తోంది. ముప్పయ్యేళ్ళు మీటింగుల మినిట్స్ రాసిన చెయ్యి మరి. కాబట్టి మెల్లమెల్లగా నిజంలోకి దిగుతాను, ఓపిక పట్టండి.

నేను ఆ బ్యాంకులో హెడ్ గుమస్తాని. బోర్డు మీద దానికి పొడుగాటి పేరుంది, ఇక్కడ రాయను. ఊళ్ళో అందరూ మేడ బ్యాంకు అంటారు, దానికి మూలపురుషుడైన పెద్దాయనది ఆ వీధిలో మొదటి మేడ గనక. అది సహకార బ్యాంకు. అంటే వాటా కొన్న ప్రతి మనిషీ దానికి యజమానే. అయిదేళ్ళకోసారి ఆ యజమానులంతా ఓట్లు వేసి ఏడుగురు డైరెక్టర్లని ఎన్నుకోవాలి. ఎవరికి అప్పివ్వాలో, ఎవరికి వద్దో ఆ ఏడుగురూ తేలుస్తారు. పుస్తకంలో ఉన్నది అదీ. నా సర్వీసులో ఓటు వెయ్యడం మాత్రం నేను ఒక్కసారీ చూడలేదు.

పెద్దాయన ఏజెన్సీ నుంచి దిగే చింతపండు, పసుపు వర్తకులకి పెట్టుబడి పెట్టి పైకొచ్చారు. వాళ్ళబ్బాయి ఆ పెట్టుబడికి ఒక తలుపూ, కౌంటరూ, బోర్డూ తగిలించి బ్యాంకు చేశారు. నా హయాంలో ప్రెసిడెంటు మనవడు, చిన్నబాబుగారు. ఆయన తమ్ముడు ఒక పార్టీలో ఉండేవారు, పినతండ్రి కొడుకు దానికి ఎదుటి పార్టీలో. ఎలక్షన్లో ఎవరు గెలిచినా ఊరేగింపు మేడ ముందు ఆగవలసిందే. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఆ హాల్లోనే పక్కపక్కన కూర్చుని కాఫీ తాగేవారు. మార్కెట్ యార్డులో ఎవరికి గది దక్కాలన్నా, మెయిన్ రోడ్డు మీద ఎవరు షాపు తెరవాలన్నా ముందు అక్కడికే వెళ్ళేవారు. చిన్నబాబుగారి బావమరిది జీడిపప్పు వ్యాపారి. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళో పిక్క రాలినా చివరికి ఆయన గోడౌనుకే చేరేది.

వాళ్ళు దుర్మార్గులని నేనంటే నా నాలుక కోసెయ్యాలి. మా నాన్న పోయినప్పుడు నన్ను పిలిచి ఉద్యోగం ఇచ్చింది ఆ ఇల్లే. చిన్నబాబుగారు ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. అసలు ఆయన దేనికీ కాదనే అనేవారు కాదు. "చూద్దాం" అనేవారు. ఆయన చూద్దామన్న ఫైలు నా బీరువాలో చెదపురుగులకి దక్కేది. మాకెవరికీ వేరే ఆర్డరు అక్కర్లేదు.

ఇక ఎన్నికల ఆనవాయితీ చెబుతాను, ఈ కథంతా దాని మీదే నడిచింది. డైరెక్టరుగా నిలబడాలంటే నామినేషన్ వెయ్యాలి. నేను పోటీలో ఉన్నానని రాసిచ్చే కాగితం అది. దానికి ఇద్దరు సభ్యులు బలపరుస్తూ సంతకాలు పెట్టాలి. దాన్ని పుచ్చుకోవడానికి ప్రభుత్వం ఒక ఎన్నికల అధికారిని పంపుతుంది. బ్యాంకు పై గదిలో, పొద్దున్న పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా అని నోటీసు అంటిస్తాం. అంటించి, ఆ గదికి తాళం వేసి, రబ్బరు స్టాంపూ, ఇంకు ప్యాడూ, రసీదు పుస్తకమూ నా సంచిలో వేసుకుని, అధికారిగారిని వెంటబెట్టుకుని మేడకి వెళ్ళేవాణ్ణి. ఉప్మా పెసరట్టు తినేవాళ్ళం. అల్లం పచ్చడి ఎలా ఉండేదో రాయడం మొదలుపెడితే ఇందులో ఇంక వేరే సంగతి పట్టదు. ఏడుగురి కాగితాలూ అక్కడే తయారుగా ఉండేవి. స్టాంపు కొట్టేవాళ్ళం, మూడయ్యేది, ఏడు సీట్లకి ఏడే నామినేషన్లు, అంతా ఏకగ్రీవం. అంటే పోటీ లేదు గనక ఓటింగూ లేదు. ఆఫీసు మేడకి వెళుతుంది గాని మేడ ఆఫీసుకి రాదు. అలాంటి ఎన్నికలు నాలుగు నా చేతుల మీదుగా జరిగాయి.

ఏడు సీట్లలో ఒకటి ఆడవాళ్ళకి కేటాయించినది. దాంట్లో పదేళ్ళుగా చిన్నబాబుగారి భార్య సుజాతగారు ఉన్నారు. పిల్లల చదువుల కోసం ఆవిడ విశాఖపట్నంలో ఉండేవారు. బోర్డు మీటింగులు మేడ హాల్లో జరిగేవి, ఆవిడ ఒక్కదానికీ రాలేదు. మినిట్స్ పుస్తకం లోపలి గదిలోకి వెళ్ళి, ఆవిడ పేరు పక్కన సంతకంతో తిరిగొచ్చేది. ఆ సంతకం ఎవరు పెట్టారని నేను అడగలేదు. నా పని రాయడం, అడగడం కాదు అనుకునేవాణ్ణి.

నూకరత్నంది నాతవరం వైపు ఊరు. నలభై దాటిన మనిషి. తనతో కలిపి పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఆ బావమరిదిగారి గోడౌనులో జీడిపిక్కలు కోసేవారు. పిక్కలోంచి చిమ్మే జీడి తగిలితే చెయ్యి పొక్కుతుంది. ఆ చేతులు చూస్తే ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు వాళ్ళు ఏ పని చేస్తారో. వాళ్ళకి కావలసింది సొంత షెడ్డు. పిక్కలు ఉడకబెట్టే చిన్న బాయిలరు, కోసే మిషన్లు ఆరు. కోసిన పప్పు తమకి నచ్చినవాళ్ళకి అమ్ముకునే స్వేచ్ఛ. అప్పు కోసం మూడుసార్లు దరఖాస్తు పెట్టారు. మూడుసార్లూ "హామీ చాలదని బోర్డు అభిప్రాయపడినది" అని నా దస్తూరీతోనే వెనక్కి వెళ్ళింది. వాళ్ళకి షెడ్డు వస్తే గోడౌనులో కోసేవాళ్ళుండరన్నది కాగితంలో లేదు. కాగితంలో లేనివి నాకు బాగా తెలుసు.

దాంతో ఆడవాళ్ళ సీటుకి తనే నిలబడాలనుకుంది. అనకాపల్లి జిల్లా కాకముందరి ఎన్నికల్లో, నామినేషన్ల రోజున పదకొండింటికి వచ్చి, పై గదికి తాళం చూసి, మెట్ల మీద కూర్చుంది. నేను నాలుగింటికి తిరిగొచ్చాను. లేచి నిలబడి నా మొహంలోకి చూసింది.

"ఎక్కడికెల్లినారు బాబూ?"

"అధికారిగారితో పని మీద వెళ్ళానమ్మా."

"నెయ్యి వాసనొచ్చీ పనేటది?" అని అడిగింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెడితే తినలేకపోయాను. కడుపు నిండి తినలేదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను.

అయిదేళ్ళు గడిచాయి. ఈసారి వచ్చిన ఎన్నికల అధికారి విజయకుమారిగారు. పాయకరావుపేట నుంచి బస్సులో వచ్చారు, చేతిలో టిఫిన్ క్యారేజీ. పదిన్నరకే పై గదిలో కూర్చుని, బల్ల తుడిచి, కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను సంచి భుజాన వేసుకుని నిలబడ్డాను.

"మేడమ్, మనం మేడకి వెళ్ళాలండి."

"ఎందుకండీ?"

"నామినేషన్లు అక్కడే పుచ్చుకుంటామండి. మొదట్నుంచీ అదే ఆనవాయితీ."

"నోటీసులో ఏ అడ్రసు రాశారు?"

"ఈ గదేనండి. అది నోటీసులో రాయడానికండి."

"చదివేవాళ్ళు కూడా దాన్నే చదువుతారు కదండీ," అన్నారావిడ. "ఆ స్టాంపు ఇలా బల్ల మీద పెట్టండి."

పెట్టాను. నా ఉద్యోగంలో ఆ స్టాంపు నామినేషన్ల రోజున ఆ బల్లని తాకడం అదే మొదటిసారి. పదకొండు కొట్టగానే నూకరత్నం లోపలికొచ్చింది. బలపరిచే ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చింది. మేడమ్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఎదురుగా సంతకం పెట్టించుకుని, స్టాంపు కొట్టి రసీదు ఇచ్చారు. నూకరత్నం ఆ రసీదుని కొంగున ముడేసుకుని, మూడయ్యేదాకా ఇక్కడే ఉంటానని బెంచీ మీద కూర్చుంది.

పదకొండున్నరకి నా ఫోను మోగింది. చిన్నబాబుగారు. ఆయన వస్తున్నారా అని అడిగే మనిషి కాదు.

"మూర్తిగారూ, ఎంతవరకు వచ్చారు?"

టీకొట్టులో నేను చెప్పే కథలో ఇక్కడ నా జవాబు ఇలా ఉంటుంది. "బాబుగారూ, ఆఫీసు ఎక్కడికీ రాదు. కావాలంటే మీరే రండి!" వినేవాళ్ళు గ్లాసులు కింద పెట్టేస్తారు.

అసలు నేనన్నది "దారిలో ఉన్నామండి" అని.

రిటైర్మెంట్‌కి ఏడు నెలలుంది. నా గ్రాట్యుటీ కాగితం మీద ఆయన సంతకం కావాలి. ముప్పయ్యేళ్ళలో ఆ ఇంటికి లేదు, కాదు, రాను అన్న మాటలు నేను చెప్పినవాణ్ణి కాదు, ఎలా పలకాలో కూడా తెలీదు. పన్నెండున్నరకి మళ్ళీ ఫోను. "మేడమ్‌గారు కాస్త పని చూసుకుంటున్నారండి, బయల్దేరుతున్నాం." ఒంటిగంటన్నరకి మళ్ళీ. "వచ్చేస్తున్నామండి." దారిలో ఉన్న మనిషి నెత్తి మీద సీలింగు ఫ్యాను టకటకా కొట్టుకోవడం ఆయనకి వినబడలేదంటే, వినదలచుకోలేదనే అనుకోవాలి. తమ ఇంటికి ఆఫీసు రాకపోవడమనేది ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. రావడం లేదని చెప్పే మనిషి ఊళ్ళో లేడు. ఉన్న ఒక్కణ్ణీ నేను.

మేడమ్ క్యారేజీ విప్పి పులిహోర తిన్నారు, నాకూ కొంచెం పెట్టారు.

రెండూ ఇరవైకి నాలుగో ఫోను. "మూర్తిగారూ, మీరొస్తున్న దారి ఏ ఊరిదండీ?"

అప్పుడు చెప్పాను. "మేడమ్‌గారు రానంటున్నారండి. మూడింటికి మూసేస్తారటండి."

ఆయన ఎంతో మెల్లగా, "ఇది పదకొండున్నరకి చెప్పాల్సింది కదండీ," అన్నారు.

రెండూ నలభైకి రెండు కార్లొచ్చాయి. చిన్నబాబుగారూ, బావమరిదిగారూ, మిగతా నలుగురూ, బలపరిచేవాళ్ళూ, అందరూ ఇరుకు మెట్లెక్కి ఆయాసపడుతూ లోపలికొచ్చారు. గదిలో కుర్చీలు నాలుగే. పెద్దమనుషులు గోడకానుకుని నిలబడ్డారు. మేడమ్ ఒకరి తర్వాత ఒకరి చేత సంతకం పెట్టించి ఆరు కాగితాలూ తీసుకున్నారు. ఏడోది చిన్నబాబుగారు ఇచ్చారు. దాని మీద సుజాతగారి సంతకం ముందే ఉంది.

"ఆవిడేరండీ?"

"విశాఖలో ఉంది."

"అభ్యర్థి నా ఎదుట సంతకం పెట్టాలండి. మీ ఆరుగురూ పెట్టారుగా."

బావమరిదిగారు నా వైపు చూసిన చూపుకి ఎండుగడ్డి అంటుకునేది. "ఇన్నాళ్ళూ లేని రూలు ఇయ్యాల ఎక్కణ్ణించొచ్చిందండీ?"

"రూలు ఎప్పుడూ ఉందండీ. అది మీ హాల్లోకి రాలేదంతే," అన్నారు మేడమ్.

చిన్నబాబుగారు వరండాలోకి వెళ్ళి భార్యకి ఫోను చేశారు. రెండు నిమిషాలు అటు తిరిగి మాట్లాడారు. లోపలికొచ్చి, ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "కుదరదు," అన్నారు. విశాఖ నుంచి పది నిమిషాల్లో ఎవరొస్తారు? మూడు కొట్టింది. మేడమ్ రసీదు పుస్తకంలో గీత గీసి మూసేశారు. ఆడవాళ్ళ సీటుకి ఒక్కటే నామినేషన్. నూకరత్నం ఏకగ్రీవం.

ఇప్పుడు లెక్క సరిచేస్తాను. నేను కూలదోశానన్న దొరతనంలో ఏడు సీట్లలో ఆరు మేడవాళ్ళకే ఉన్నాయి. ప్రెసిడెంటు మళ్ళీ చిన్నబాబుగారే. మేడ మేడలాగే ఉంది, మొన్న రంగులు కూడా వేయించారు. నా గ్రాట్యుటీ మీద ఆయన ఒక్క మాటా అనకుండా సంతకం పెట్టారు. కాకపోతే తలెత్తి నా వైపు చూడలేదు.

అయినా ఆ ఒక్క సీటు ఏం చేసిందో చెప్పాలి. మొదటి మీటింగు మేడ హాల్లో. నూకరత్నం టేకు కుర్చీ అంచున కూర్చుంది. నాలుగోసారి పెట్టిన షెడ్డు దరఖాస్తు చర్చకొచ్చింది. సొంత విషయమైతే డైరెక్టరు బయటికెళ్ళాలన్నది నియమం. ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఎల్తన్నానండి. ఒద్దన్నోరి పేరూ, ఎందుకొద్దన్నారో ఆ మాటా, గుమస్తా బాబు రాత్తారు. నానొచ్చి సదివించుకుంతాను."

అంతకు ముందు మినిట్స్‌లో ఎప్పుడూ మనుషులుండేవారు కాదు. "బోర్డు అభిప్రాయపడినది" అంతే. నేను పెన్ను మూత తీసి బల్ల చుట్టూ చూశాను. "ఎవరి పేరు రాయమంటారండీ?" అని అడిగాను. ఇది నిజం. ఈ ఒక్క ప్రశ్నా నేనడిగాను, ఒట్టు. బావమరిదిగారు దగ్గారు, మంచినీళ్ళు తాగారు, మళ్ళీ దగ్గారు. పార్టీల్లో ఉన్న పెద్దమనుషులు పద్దెనిమిది ఇళ్ళ ఓట్లు తలుచుకున్నారో ఏమో, కిటికీ వైపు చూశారు. చివరికి చిన్నబాబుగారు నవ్వారు. మంచి నవ్వే. "మంజూరని రాయండి మూర్తిగారూ. అందరి పేర్లూ రాయండి."

ఈ వ్యవహారం నాకు నేర్పిందేమిటంటే, పెద్దింటి బలం ఇనప్పెట్టెలో ఉండదు. దాని ముందు మనం మింగేసే మాటల్లో ఉంటుంది. నా పిరికితనం వల్ల వాళ్ళకి వార్త చేరలేదు. వార్త చేరక వాళ్ళకి టైము మించిపోయింది. అలా నా అబద్ధమే నూకరత్నాన్ని గెలిపించింది. ధైర్యంతో కాకపోయినా భయంతో ఒక మంచి పని చేశాను.

ఇంతవరకూ రాసి, ఒకసారి ఆవిడకి చదివి వినిపిస్తే మర్యాదగా ఉంటుందని నిన్న పొద్దున్న షేర్ ఆటో ఎక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. షెడ్డులో బాయిలరు మీద ఆవిరి పొంగుతోంది. మిషన్ల దగ్గర ఆడవాళ్ళు కాలితో తొక్కుతూ, చేత్తో పిక్క పెడుతూ, నోటితో ఎవరినో ఆడిపోసుకుంటున్నారు. నన్ను చూడగానే ఒకామె "ఓలప్పా, పెసరట్టు బాబు!" అంది. స్టూలు వేశారు. చదివాను. దారిలో ఉన్నామండీ అన్న చోట అందరూ పడీపడీ నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. పప్పు ఏరుతూ చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"ఇది తప్పు బాబూ."

"ఏది తప్పమ్మా?"

"మీ అబద్దం నన్ను గెలిపించినాదని రాసినారు. మీ అబద్దం ఏటీ సెయ్యలేదు. ఎలచ్చనుకి పదిరోజుల ముందే కిలో పప్పట్టుకుని ఇశాపట్నం ఎల్లినాను, సుజాతమ్మగారింటికి."

"వెళ్ళి?"

"అడిగినాను. అమ్మా, మళ్ళీ మీరే నిలబడతారా అని. దేనికి అనడిగిందాయమ్మ. బ్యాంకు డైరెక్టరుకమ్మా, పదేళ్ళబట్టీ మీరే కదా అన్నాను. నానా? అంది. తనకే తెలీదు బాబూ! సంగతంతా అడిగి తెలుసుకుని, నిలబడను, నా పేరెట్టి ఇంకెవురూ సంతకం ఎట్టకుండా సూత్తాను, నువ్వు నిలబడు అంది. మరి మీ ఆయనకి సెప్పినారా అమ్మా అనడిగితే, ఆయనడిగితే సెప్తాను, ఇన్నాళ్ళూ అడగలేదు కదా అంది. ఆరోజు వరండాలో ఫోనెట్టి అడిగినారు, సెప్పింది. ఆయన కుదరదన్నది టైము సాలక కాదు, ఆయమ్మ నిలబడనంది గనక."

"ఇది నాకెందుకు చెప్పలేదమ్మా, ఇన్నేళ్ళు?"

"మీరడిగితే కదా!" అని ఆవిడ చేతికంటిన పొట్టు దులుపుకుంది. "పదకొండుకే ఆళ్ళు కార్లలో ఒచ్చినా ఆ కాయితం జేబులోకే ఎల్లును. ఆయమ్మ సంతకం ఆయమ్మది కాదని మీకు తెలుసు. ఇశాపట్నం రెండు గంటల బస్సు. పదేళ్ళలో ఒక్కపాలి ఎల్లి అడిగినారా? పోనీ, ఫోనైనా సేసినారా? లేదు. అది రాయండి ముందు. మీ బయం గొప్ప తరవాత రాద్దురు గాని."